కుర్నియాకు కన్నం వేసిందెవరు

వానలు మొదలవుతాయనగా నాన్న తన పడవ కుర్నియాను సముద్రం మీంచి నదిలోకి తెచ్చి, మా ఇంటి వెనకున్న బురదరేవులో కట్టేస్తాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఏటా జరిగేదే. ఈశాన్యపు గాలి తిరిగిందంటే మా డుయోంగ్ దీవిలో ఎవరూ సముద్రం ముఖం చూడరు. నదిమొగలో ఇసుకతిప్ప మీద అలలు కొబ్బరిచెట్టంత ఎత్తున లేస్తాయి. మగవాళ్లంతా మూడు నాలుగు నెలలు ఇళ్లలోనే పడి ఉంటారు. వలలు బాగుచేసుకుంటారు, కాఫీ కొట్లో కూర్చుని వాదులాడుకుంటారు, వండిన ప్రతి కూరకీ వంక పెడతారు. ఆ ఏడు మా ఇంట్లో ఇవేవీ జరగలేదు. ఒకళ్లనొకళ్లం కనిపెట్టి చూసుకుంటూ గడిపాం.

కుర్నియా రెండు తెరచాపల పాత పడవ. నాన్న, చిన్నాన్న పెళ్లిళ్లు కాకముందు, తాతయ్య పక్కన కూర్చుని చెబుతుంటే, సెంగల్ అనే గట్టి కలపతో తమ చేతులతో కట్టుకున్నారు. ఇనుపమేకు ఒక్కటి లేదు. పలకకీ పలకకీ మధ్య గెలం చెట్టు బెరడు పరిచి, వేలెడు లావు కొయ్యసీలలు దిగ్గొట్టి బిగించిందే. అది సయాం నుంచి ఉప్పు మోసింది, పెంకులు మోసింది, ఒకసారి పెళ్లివారిని కూడా మోసింది. ఇంజిన్ పడవలొచ్చాక నాన్న తోటివాళ్లందరూ పాత పడవల్ని అమ్మేశారు. నాన్న మాత్రం గాలి ఉన్నరోజు బయల్దేరి, లేనిరోజు ఆగి, చుట్టుపక్కల దీవులకు బియ్యం, చక్కెర చేరవేస్తూనే ఉన్నాడు.

"ఇంజిన్ పెట్టిస్తే దానికి రోజూ తాగించాలి. గాలి నన్నేం అడుగుతుంది?" అనేవాడు.

"నన్ను చేసుకునేనాటికే ఈయనకి పెద్దభార్య ఉంది. నేను రెండోదాన్ని" అనేది అమ్మ, వచ్చినవాళ్లందరితోనూ, రేవువైపు చెయ్యి చూపిస్తూ.

మా ఆయన రోస్ది సముద్రం ఎరిగినవాడు కాదు. పేరాక్‌లో రబ్బరుతోటల వైపునుంచి వచ్చాడు. కరెంటాఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం. ఈత రాదు. ఫెర్రీ పడవ కాస్త ఊగితే చాలు, రెండు చేతులతో బల్ల పట్టుకుంటాడు. పెళ్లయ్యాక మా ఇంట్లోనే ఉంటున్నాం. నాన్నకి అతనంటే ఇష్టం లేదని కాదు, ఏం మాట్లాడాలో తెలియదంతే.

ఆ ఏడు కుర్నియాను రేవులో కట్టిన వారానికి, అన్నాల దగ్గర రోస్ది గొంతు సవరించుకున్నాడు.

"మామా, అవతలి ఒడ్డున కొత్త హోటల్ కట్టారు కదా. మీటరు చూడ్డానికి వెళ్తే మేనేజరు మన కుర్నియా గురించి అడిగాడు. కావాలట. గేటు ముందు పచ్చికలో నిలబెట్టి, చుట్టూ రంగు దీపాలు పెట్టి, లోపల కుర్చీలేసి, వచ్చినవాళ్లకి టీ ఇస్తాడట."

నాన్న చేపలోంచి ముల్లు తీస్తున్నవాడల్లా ఆగాడు.

"నన్ను కూడా నిలబెడతాడా పక్కన? ట్రే పట్టుకుని?"

అమ్మ పకాలున నవ్వింది. రోస్ది కూడా నవ్వబోయి, నాన్న మొహం చూసి మానేశాడు. అక్కడితో ఆ మాట అయిపోయిందనుకున్నాం.

తర్వాత కొద్దిరోజులకే, పొద్దున్నే చేపలు కడగడానికి రేవులోకి వెళ్లిన అమ్మ గిన్నె అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది. వెళ్లి చూస్తే కుర్నియా ఓ పక్కకి ఒరిగి, అంచుదాకా నీళ్లు మింగి ఉంది. నాన్న, నేను, రోస్ది, ఇరుగుపొరుగు వాళ్లు, ఆటు తీసేదాకా తోడాం. నీళ్లు దిగాక నాన్న పడవ కిందికి పాక్కుంటూ పోయి, వెనకవైపు అడుగుపలక మీద చేత్తో తడుముకుంటూ ఒకచోట ఆగాడు.

అక్కడో కన్నం ఉంది. గుండ్రంగా, బరమా పెట్టి తొలిచినట్టు నున్నగా. నాన్న చూపుడువేలు అందులో రెండో కణుపు దాకా దిగింది.

"ఇక్కడ సీల ఉండాలి" అన్నాడు. "నేనే కొట్టాను దీన్ని. బిడిన్ పట్టుకుంటే నేను కొట్టాను."

బిడిన్ మా చిన్నాన్న. ఇంట్లో ఆఖరివాడు కాబట్టి ఊరంతా పాక్ సూ అని పిలుస్తారు. పడవ కట్టిన నాటినుంచీ నాన్న వెంటే దానిమీద తిరిగాడు. అప్పుడు మాత్రం ఊళ్లో లేడు. కంటికి పొర కమ్మితే కోత పెట్టించుకోవడానికి కోట బారు పట్నం వెళ్లాడు. నాన్నే స్వయంగా బస్సెక్కించి వచ్చాడు.

ఊడిన సీల కోసం బురదంతా చేతులతో గాలించాం. దొరకలేదు.

"పోటుతో కొట్టుకుపోయి ఉంటుంది మామా" అన్నాడు రోస్ది.

"సీల తనంతట తనే ఊడి రాదు" అన్నాడు నాన్న. "లోపల నిలబడి దెబ్బ వేస్తేనే బయటికొస్తుంది. కొట్టినవాడు దాన్ని జేబులో వేసుకుని పోయాడు." కాళ్లు కడుక్కుంటూ, మెట్ల పక్కనున్న రోస్ది పనిముట్ల సంచీవైపు చూశాడు. "మీ ఆఫీసులో సుత్తులు కూడా ఇస్తారా?"

రోస్దికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఇస్తారు మామా, చిన్నది" అన్నాడు మర్యాదగా.

నాకు అర్థమైంది.

నాన్న కొత్త సీల చెక్కి కన్నం మూసేశాడు. పడవ కుదుటపడింది గాని, తను కుదుటపడలేదు. అమ్మ కుట్టుదారం ఉండ తీసుకెళ్లి, కుర్నియా అంచు చుట్టూ కట్టొచ్చాడు, ఎవడైనా ఎక్కితే తెగుతుందని. పొద్దున్నే మొహం కూడా కడక్కుండా వెళ్లి ఆ దారం చూసుకునేవాడు. ఒడ్డున ఏ కాలిముద్ర కనిపించినా దాని పక్కన తన కాలు పెట్టి చూసేవాడు. పాత కక్షలన్నీ తవ్వి తీశాడు. ఎప్పుడో వల చింపాడని తిట్టిన పక్కింటి ముసలాయన, తాడు అడిగితే ఇవ్వలేదని మూతి ముడుచుకున్న బోటుయార్డు మేస్త్రీ, ఒకళ్లని కాదు. కాఫీ కొట్టు నడిపే మక్ టే అమ్మ దగ్గరికొచ్చి మొత్తుకుంది.

"మీ ఆయనకేమైనా గాలి సోకిందా, కల్సోమ్? శుక్రవారం మసీదు మెట్ల దగ్గర అందరి చెప్పులూ తిరగేసి బురద ఉందేమో చూస్తున్నాడట. మా ఆయన నమాజు చేసుకుని బయటికొస్తే చెప్పులు రెండూ వెల్లకిలా ఉన్నాయి!"

అమ్మ సిగ్గుతో సగమైంది. ఆ పూట నాన్నకి వడ్డిస్తూ అంది: "నాకు నడుం పట్టేసి ఏడాదైంది. నా సీల ఎవడు పీకాడో ఒక్కరోజైనా వెతికారా?"

నాన్న విననట్టే తిన్నాడు. కళ్లు మాత్రం రోస్ది చేతుల మీదే ఉన్నాయి.

ఇప్పుడు తలుచుకుంటే నాన్న మీద నవ్వొస్తుంది గాని, అప్పుడు నవ్వే స్థితిలో లేను. ఎందుకంటే ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఓ శనివారం రోస్ది ప్యాంటు ఉతకబోతే మోకాళ్లదాకా బురద పట్టి ఉంది. అవతలి ఒడ్డున ఉండేది ఇసుక. ఆఫీసు దారంతా తారురోడ్డు. ఇంత నల్లగా, ఇంత వాసన కొట్టే బురద మా రేవులో తప్ప ఇంకెక్కడా ఉండదు.

"ఎక్కడ దిగావ్ ఇంత బురదలో?" అన్నాను.

"వానాకాలం కదా" అన్నాడు, రేడియో తిప్పుతూ.

అంతటితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. అతను స్నానానికి వెళ్లగానే సంచీ విప్పాను. పట్టకారు, చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు. వాటి అడుగున పొడుగాటి కొలతటేపు. మీటర్లు చూసేవాడికి కొలతటేపుతో ఏం పని? దాని మడతల్లో కూడా అదే బురద ఎండిపోయి ఉంది. ఎక్కడిదక్కడ పెట్టేసి, వంటింట్లోకి పోయి కొబ్బరి తురుముకుంటూ కూర్చున్నాను. అతన్ని అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని భయం. ఆ తర్వాత ఎప్పుడు ఇంటికి ఆలస్యంగా వచ్చినా ముందు నా చూపు అతని కాళ్లమీదికే పోయేది.

రెండో సీల అప్పుడే ఊడింది. మొదటిదానికి మూరెడు దూరంలో, చుక్కాని కిందుగా. ఈసారి నాన్న ముందే కనిపెట్టి తోడేశాడు కాబట్టి పడవ ఒరగలేదు. విచిత్రమేమిటంటే, అంచు చుట్టూ కట్టిన దారం కట్టినట్టే ఉంది.

"చూశారా, దారం తెగలేదు. ఎవరూ ఎక్కలేదన్నమాట" అంది అమ్మ సంతోషంగా.

"తెగలేదంటేనే అర్థం కావట్లా?" అన్నాడు నాన్న. "దారం కట్టానని తెలిసినవాడే. దాని కింద నుంచి దూరి ఎక్కాడు. బయటివాడికెలా తెలుస్తుంది? ఇంట్లోవాడే."

ఆ మధ్యాహ్నం కుండపోతగా వాన. రేకుల మీద చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. భోజనానికి చాప పరిచి అన్నం గిన్నె తెచ్చేసరికి, గిన్నె పెట్టాల్సిన చోట కొలతటేపు ఉంది. నాన్న దాని వెనక మఠం వేసుకుని కూర్చున్నాడు. సంచీ నేనొక్కదాన్నే వెతకలేదని అప్పుడు తెలిసింది.

రోస్ది దాన్ని చూసి గుమ్మంలోనే ఆగాడు. తర్వాత కూర్చున్నాడు.

"కొలిచాను మామా. మీరు శుక్రవారం నమాజుకెళ్లినప్పుడు హోటలాయన్ని తీసుకొచ్చాను. పచ్చికలో పడుతుందో లేదో చూస్తానన్నాడు. మీతో మళ్లీ మాట్లాడొచ్చులే అనుకున్నా. చెప్పకుండా చెయ్యడం తప్పే. కానీ సీల నేను ముట్టుకోలేదు. అసలది ఏ వైపు నుంచి కొడతారో కూడా నాకు తెలీదు."

"కొలిచినవాడికి కొట్టడం ఓ లెక్కా? మునిగిపోయిన పడవైతే ముసలోడు తేలిగ్గా వదిలేస్తాడనుకున్నావు."

"అల్లా మీద ఒట్టు మామా."

"నా ఇంట్లో దొంగ ఒట్లు వెయ్యకు." నాన్న గొంతు పెంచలేదు. అదే భయంగా ఉంది. "బట్టలు సర్దుకో. నా పడవ మీద చెయ్యేసినవాడికి నా కప్పు కింద చోటు లేదు." నావైపు తిరిగాడు. "నువ్వేం చేస్తావో నీ ఇష్టం, హబ్సా."

అమ్మ అన్నం గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. రోస్ది నాన్నతో వాదించలేదు. నావైపు చూశాడు.

"నువ్వు చెప్పు. నేనే అనుకుంటున్నావా?"

ఒక్క మాట, కాదు అనాలి. ఆ మాట నోట్లోకి వచ్చేలోపే నా కళ్లు అతని ప్యాంటు అంచుల మీదికి పోయాయి. ఒక్క క్షణమే. కానీ అతను చూశాడు.

లేచి గదిలోకి వెళ్లాడు. చొక్కాలు మడతపెట్టుకోవడం తలుపు సందులోంచి కనపడుతోంది.

అప్పుడు మెట్ల దగ్గర జాడీలోంచి నీళ్లు పోసుకుంటున్న చప్పుడైంది. పాక్ సూ కాళ్లు కడుక్కుంటున్నాడు. ముందురోజే కోట బారు నుంచి వచ్చాడు. కోత పెట్టిన కంటిమీద ఇంకా ఆకుపచ్చ కట్టు ఉంది. గొడుగు మూలన పెట్టి, తడిసిన తలపాగా పిండుకుని, లోపలికొచ్చి చాప అంచున కూర్చున్నాడు. ఎంతసేపు విన్నాడో తెలియదు.

"పిల్లాణ్ణి ఏమనకన్నా" అన్నాడు. "సీలలు తీసింది నేను."

వాన చప్పుడులో సరిగా వినలేదేమో అనుకున్నాను. నాన్న మాత్రం విన్నాడు.

"ఏమన్నావు?"

"నేనే తీశాను. రెండూ."

నాన్న ఆ ఆకుపచ్చ కట్టు కేసి చూశాడు. చాలాసేపు చూశాడు. మొదటి సీల ఊడిన పొద్దున పాక్ సూ ఎక్కడున్నాడో ఆ ఇంట్లో తెలియనిది ఎవరికి? కంటికి కట్టుతో, ఊరికి ఎంతో దూరాన, ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు.

"ఎందుకు?" అన్నాడు నాన్న.

"ఎందుకేమిటి? ఇన్నేళ్లు నీ వెంట తిరిగాను. తాళ్లు లాగాను, తెరచాపలు కుట్టాను, వంట చేశాను. మొగ దాటేటప్పుడు చుక్కాని ఒక్కసారైనా నా చేతికిచ్చావా?"

"నువ్వు అడిగావా?"

"అడగాలా?"

అది మాత్రం అబద్ధంలా లేదు. నాన్న ముఖంలో రంగు మారింది. గదిలో రోస్ది మడతపెట్టడం ఆపేశాడు.

నాన్న చాపమీది టేపు తీసి, చుట్టచుట్టి, పక్కన పెట్టాడు.

"సరే" అన్నాడు. "ఊడదీసినవాడివి నువ్వేగా. నువ్వే బాగుచెయ్యి." అమ్మవైపు తిరిగాడు. "వడ్డించు. వీడు కూడా తినలేదు."

అంతే. తమ్ముడి మీద అరవలేదు, పొమ్మనలేదు. ఆ కంటి కట్టు గురించి ఒక్క ముక్క అడగలేదు.

రోస్ది మాత్రం ఆగలేదు. సంచీతో బయటికొచ్చి, నాన్నకి, పాక్ సూకి వంగి సలాం చేసి, నాతో అన్నాడు, "మీ నాన్న అన్నాడని వెళ్లట్లేదు." అవతలి ఒడ్డున ఆఫీసు దగ్గర ఓ గది తీసుకున్నాడు. వారానికోసారి ఫెర్రీ ఎక్కి వెళ్లి అన్నం, కూర ఇచ్చి వచ్చేదాన్ని. తీసుకునేవాడు. బాగున్నారా అందరూ అనేవాడు. ఇంటికి రా అని నేను, వస్తానని అతను, ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

పెద్ద పోటు రోజున ఊళ్లో వాళ్లంతా చెయ్యివేసి కుర్నియాను దుంగల మీద ఒడ్డుకి లాగారు. పైన తాటాకు లాంటి నీపా ఆకులతో పందిరి వేశారు. పాక్ సూ ఒంటికన్నుతో ఉలి, కొయ్యసుత్తి పట్టుకుని కూర్చున్నాడు. నాన్న ఎదురుగా దుంగమీద కూర్చుని కాపలా కాశాడు, మళ్లీ ఏం పాడుచేస్తాడోనన్నట్టు. నా పని గుగ్గిలం నూరి, నూనె పోసి కాచడం, టీ మొయ్యడం.

మొదటి పలక విప్పేసరికి దాని లోపల జల్లెడ. పైకి రంగు వేసి నిగనిగలాడుతోంది, వెనకంతా ఉప్పునీటి పురుగు తొలిచేసింది. వేలు లావు సొరంగాలు, ఒకదాంట్లోంచి ఒకటి. సీల పట్టుకుని ఉండటానికి కలపంటూ మిగిలితే కదా. పాక్ సూ పలకని నాన్న ముందు పెట్టాడు.

నాన్న దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇదీ నీ పనేనా?"

పాక్ సూ తలెత్తలేదు. "నా పనే అన్నా."

"ఊఁ. మార్చు."

రెండో పలక. "ఇదీ నువ్వేనా?" "నేనే." పక్కటెముకలాంటి వంపు దూలం ఒకటి, చేత్తో నలిపితే పొడైపోయింది. వాననీళ్లు నిలిచి నిలిచి కుళ్లింది. "ఇదీ?" "అదీ నేనే అన్నా, ఆ వెనకది కూడా." "ఇంత కసి పెట్టుకున్నావట్రా నా మీద?" "ఇంకా ఉంది. విప్పితే తెలుస్తుంది."

ఎగతాళో, కోపమో, రోజులు గడిచేకొద్దీ నాకు తెలియడం మానేసింది. ఇద్దరూ ఒక్కసారి కూడా నవ్వలేదు. కానీ ఎప్పటినుంచో నాన్న దుంగ మీంచి లేచి పలక రెండో కొస పట్టుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత బాడిస తెచ్చుకుని కొత్త దూలం తనే చెక్కాడు. పాక్ సూ సీల పట్టుకుంటే తను కొట్టాడు.

ఓ పూట నాన్న నమాజుకి లేచి వెళ్లినప్పుడు పాక్ సూని అడిగాను, "ఎందుకు నీ నెత్తిన వేసుకున్నావు, పాక్ సూ?"

ఆయన బెరడు చీలికలు నీళ్లలో నానబెడుతూ అన్నాడు, "అన్నకో దొంగ కావాలే అమ్మాయ్. దొరక్కపోతే బతకలేడు. అల్లుణ్ణయితే తరిమేస్తాడు. నేను తమ్ముణ్ణి, నన్నెక్కడికి తరుముతాడు?" ఇంకో చీలిక నీళ్లలో ముంచి, "చుక్కాని మాట మాత్రం నిజమే" అన్నాడు.

జనవరి సగానికొచ్చేసరికి వానలు పల్చబడ్డాయి. పలకలన్నీ మార్చేశారు. ఇక బెరడు కూరి గుగ్గిలం పూయడమే మిగిలింది. ఆ పొద్దున పాక్ సూ ఎందుకో తృప్తిలేక, పడవ కింద వెల్లకిలా పడుకుని, అడుగుదూలాన్ని ముందునుంచి వెనకదాకా ఉలి మొనతో పొడుచుకుంటూ వెళ్లాడు. పడవ మొత్తానికి అదే వెన్నెముక. మొట్టమొదట పరిచేది అదే. దానిమీదే మిగతాదంతా కడతారు. వెనక కొసకి వచ్చేసరికి ఉలి చప్పుడు ఆగిపోయింది. వంగి చూశాను. ఉలి పిడిదాకా దిగి ఉంది. కొట్టలేదు, ఊరికే ఆనిస్తే దిగింది.

నాన్న కూడా వంగాడు. వెళ్లి తమ్ముడి పక్కనే బురదలో పడుకున్నాడు. ఇద్దరి కాళ్లే బయటికి కనిపిస్తున్నాయి.

"ఇదీ నీ పనేనా?" అన్నాడు నాన్న.

నేను గుగ్గిలం కలపడం ఆపాను.

"బిడిన్. నిన్నే. ఇదీ నువ్వేనా?"

"కాదన్నా" అన్నాడు పాక్ సూ. "ఇది నేను కాదు."

"మరెవరు?"

"ఎవరూ కాదు."

తర్వాత నాన్న బయటికొచ్చాడు. వీపంతా బురద. దుంగమీద కూర్చుని టీ అడిగాడు. ఇస్తే పక్కన పెట్టుకుని తాగడం మరిచిపోయాడు. పూర్తిగా చల్లారాక ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు నా చేతికిస్తూ అన్నాడు, "మీ ఆయన గది ఎక్కడే?"

అదే బట్టలతో, నన్ను వెంటబెట్టుకుని ఫెర్రీ ఎక్కాడు. జనం జరిగి చోటిచ్చారు, పెద్దవాడని కాదు, బురద అంటుతుందని. రోస్ది తలుపు తీసి, ముందు నాన్నని, తర్వాత నన్ను, మళ్లీ నాన్నని చూసి పక్కకి తప్పుకున్నాడు. గదిలో ఒక్కటే కుర్చీ. నాన్న కూర్చోలేదు.

"అడుగుదూలం వెనక కొస పోయింది" అన్నాడు. "అక్కడికి కోసి కొత్త ముక్క అతకాలి. పడవని జాకీల మీద లేపి పట్టాలి. ఒంటికన్నువాడితో నేనొక్కణ్ణే చెయ్యలేను. సెలవు దొరుకుతుందా?"

రోస్ది తలుపు దగ్గరగా వేశాడు. "వచ్చాక ఏదైనా ఊడితే నామీద పెడతారా మామా?"

"పెడతాను" అన్నాడు నాన్న. "ఎవరో ఒకరు ఉండాలి కదా."

రోస్ది నవ్వకూడదనే అనుకున్నాడు. పెదవి బిగించాడు గాని ఆగలేదు. నాన్న నవ్వలేదు. గోడకున్న కరెంటు మీటరుకేసి చూస్తూ, ఇది సరిగ్గానే తిరుగుతోందా అని అడిగాడు. అల్లుడి ఉద్యోగం గురించి ఆయన అనుమానం లేకుండా అడిగిన మొదటి ప్రశ్న అదే.

నాన్న కిందికి దిగాక రోస్ది నావైపు తిరిగాడు. "నువ్వేమీ అడగవా?"

"నిన్ను చూడకుండా నీ కాళ్లు చూశాను. ఇంకేం అడగను?" అన్నాను.

"ప్యాంటు ఇప్పుడు నేనే ఉతుక్కుంటున్నాను" అన్నాడు. అది క్షమించడమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. వచ్చాడు మాత్రం. వారం సెలవు పెట్టి, జాకీ కింద చెక్కలు దోపుతూ, వేళ్లు నలగ్గొట్టుకుంటూ, చెప్పిందల్లా చేశాడు. పని అయ్యాక మాత్రం మళ్లీ మా ఇంట్లో కాపురం పెడదామనలేదు. నేనే నా బట్టలు సర్దుకుని అవతలి ఒడ్డుకి వెళ్లాను. అమ్మ ఏడ్చింది, మళ్లీ తనే మూకుడు, రోలు మోసుకొచ్చి ఫెర్రీలో పెట్టించింది.

గాలి తిరిగి సముద్రం చల్లబడ్డాక, పసుపుఅన్నం వండి, దువా చదివించి, కుర్నియాను నీళ్లలోకి దింపారు. ఆ రోజు దగ్గర దీవిదాకా వెళ్లి రావాలని, నలుగురం ఎక్కాం. రోస్ది ఎక్కుతాడని నేననుకోలేదు. తెల్లగా పాలిపోయి, కొబ్బరిపీచు తాడు ఒకటి నడుముకి కట్టుకుని దాని రెండో కొస తెరకొయ్యకి కట్టి, లోపలి గదిలో దిగి కూర్చున్నాడు. మొగ దాటించింది నాన్నే. చుక్కాని ఎవరికీ ఇవ్వలేదు. పాక్ సూ అడగనూ లేదు.

తిప్ప దాటాక అలలు పొడుగ్గా, నెమ్మదిగా వచ్చాయి. తెరచాపలు రెండూ నిండాయి. కుర్నియా ఒళ్లు విరుచుకున్నట్టు ఓ పక్కకి వాలి పరుగందుకుంది. నాన్న పెదవులు కదులుతున్నాయి. ఏదో చదువుకుంటున్నాడో, పడవతో మాట్లాడుతున్నాడో.

లోపలినుంచి రోస్ది నా కాలు గోకాడు. వంగి చూశాను. చీలమండల దాకా నీళ్లలో ఉన్నాడు. కొత్త అతుకు దగ్గర సన్నగా, ఆగకుండా వస్తోంది. పాక్ సూ కూడా చూశాడు. బకెట్టు లోపలికి అందించాడు.

"నీళ్లొస్తున్నాయా?" చుక్కాని దగ్గర్నుంచి నాన్న కేకేశాడు.

పాక్ సూ తెరచాప తాడు సర్దుకుంటూ, "చుక్క లేదన్నా!" అన్నాడు.

"రోస్దీ! కింద తడి ఉందా?"

"లేదు మామా!" అని అరిచాడు మా ఆయన, నిండు బకెట్టు నాకు పైకి అందిస్తూ.

నేను దాన్ని అందుకుని, నాన్న కళ్లెదుటే, పక్కనుంచి సముద్రంలోకి గుమ్మరించాను. నీళ్లు పడటం నాన్న చూశాడు. రెండో బకెట్టు పడటం కూడా చూశాడు.

"మంచిది" అన్నాడు. "అయితే ముందు తెర ఇంకాస్త బిగించు, బిడిన్. గాలి బాగుంది."